మిగతా సగం మంచాలు

"కాళ్ళు వాచడం కూడా ఒక జబ్బేనా? నేను ముగ్గుర్ని కన్నాను, ఒక్కరోజు మంచమెక్కానా?" అంది మా అత్తగారు మాక్సీన్, నేను ఇస్త్రీ చేసిన బల్లగుడ్డ మడత సరిచూస్తూ. బుధవారం సాయంత్రం చర్చిలో భోజనాలు. నలభై మందికి చికెన్, అన్నం కలిపి ఓవెన్‌లో పెట్టేసరికి నిన్నటి తలనొప్పి కళ్ళలోకి దిగింది. గోడ మీద లేని చుక్కలేవో మెరుస్తున్నాయి. నాకు ఎనిమిదో నెల. భయమేసింది. ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఇంకా భయమేసింది.

మా అలబామా ఊళ్ళో పురుళ్ళ వార్డు మూసేసి ఐదు నెలలయింది. దాన్ని నిలబెట్టడానికి కౌంటీ చిన్న పన్ను వేస్తానంటే, వద్దని ఇంటింటికీ తిరిగి చెప్పింది మా అత్తగారే. "సగం మంచాలు ఆ నల్లవాళ్ళవేగా! వాళ్ళు కంటూ ఉంటే మనం కడుతూ ఉండాలా?" అనేది. అందరూ తలూపారు. మిగతా సగం మంచాల్లో ఎవరు పడుకుంటున్నారని ఒక్కరూ అడగలేదు. ఓటింగులో పన్ను ఓడిపోయింది, వార్డు పోయింది. ఇప్పుడు దగ్గరి ఆసుపత్రి డెబ్బై మైళ్ళు. "ట్రక్కు ఉంది కదే, గంటలో దింపుతా" అంటాడు మా ఆయన రాయిస్. కలప కోత మిల్లులో పనిలో ఉన్నప్పుడు అతనికి ఫోను మోగినా వినబడదు. ఆ గంట ప్రయాణాన్ని మనసులో ఎన్నిసార్లు చేశానో! ఒక్కసారి కూడా ఆసుపత్రి దాకా వెళ్ళలేదు.

అత్తగారు బల్లలు సర్దడానికి చర్చికి వెళ్ళగానే ఓవెన్ కట్టేసి బయటపడ్డాను. రైలు పట్టాలు దాటి, నల్లవాళ్ళ చర్చి హాలుకి నడిచాను. ఒడెస్సా ప్రూయిట్ బుధవారాలు అక్కడ గర్భిణులని చూస్తుంది. ఆ వార్డులో ముప్పై ఏళ్ళు నర్సు ఆవిడ. వార్డుతో పాటే ఉద్యోగమూ పోయింది. రాయిస్ పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నవి ఆ చేతులే.

నన్ను చూడగానే హాల్లో మాటలు ఆగిపోయాయి. ఆవిడ మాత్రం కుర్చీ లాగి, నా చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. మళ్ళీ చూసింది.

"చుక్కలు ఎప్పటినుంచి?"

"నిన్నటినుంచి."

"మరి నిన్నటినుంచి ఏం చేస్తున్నావు?"

"ఇస్త్రీ" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. అంబులెన్సుకి ఫోన్ చేసింది. కౌంటీకంతా ఉన్నది ఒక్కటే, అది అప్పుడే ఎవరినో తీసుకుని వెళ్ళిందట. ఫోన్ పెట్టేసి కారు తాళాలు తీసింది. "లే. బీపీ బాగా ఎక్కువుంది. నీకు ఫిట్స్ వచ్చేలోపు ఆసుపత్రికి చేరాలి."

ఊరు దాటాక అడగకుండానే చెప్పింది. "మా అక్క కూతురు ఈ రోడ్డు మీదే కంది. ఆ పెట్రోలు బంకు పక్కన."

"బిడ్డ?"

ఆవిడ బండి వేగం ఇంకాస్త పెంచింది. నా కడుపులో కదలిక కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. ఎవరూ బలవంతపెట్టకుండానే నోరు తెరిచాను.

ఎన్నికల ముందు బుధవారం మా అత్తగారు మాదిరి బ్యాలెట్ల మీద గుర్తులు పెట్టి ఆడవాళ్ళందరికీ పంచుతుంది. మేం వాటిని చూసి దించుతాం, అది మాకు అలవాటు. ఓటేసే రోజు అడ్డుపలక చాటున నన్ను చూసేవాళ్ళెవరూ లేరు. నెల తప్పిందేమోనన్న అనుమానం కూడా అప్పటికే ఉంది. అయినా అత్తగారు గుర్తు పెట్టిన చోటే పెట్టాను.

"మిస్ ఒడెస్సా, వార్డు అక్కర్లేదని నేనూ ఓటేశాను."

స్టీరింగ్ మీద ఆవిడ వేళ్ళు బిగుసుకున్నాయి. కారు వేగం మాత్రం తగ్గలేదు.

"ఆ మాట ఇప్పుడు చెప్పకు" అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నీ మీద కోపమొస్తే నేను బండి సరిగ్గా తోలలేను. ఇంకా అరవై మైళ్ళుంది."