కాలవగట్టు వైపు గేటు

జగన్నాథరావుగారికి లాటరీలో బారు లైసెన్సు తగిలిందని తెలిసిన రోజు మా అత్తగారు సువార్తమ్మ అన్నం ముట్టలేదు. ఆయనకు లాటరీ తగిలితే ఈవిడ పస్తుండటం ఏమిటని ఎవరైనా నవ్వవచ్చు. నేనూ నవ్వేదాన్నే, ఆయన బారు పెట్టబోయే మేడ మా వీధి మొదట్లో లేకపోయి ఉంటే.

నిడదవోలులో కాలవను ఆనుకుని ఉంటుంది మా పేట. పేటంతటికీ ఒకటే వీధి. వీధి మొదట్లో, రోడ్డు మీదికి, జగన్నాథరావుగారి మేడ. దానికి ఇవతల నాలుగిళ్లు దాటితే మా చర్చి, చర్చికి ఎదురుగా మా ఇల్లు, చర్చి వెనక ఎత్తుగా కాలవగట్టు రోడ్డు. వీధి రెండో కొసన దారి లేదు. ఎవరు ఎక్కడికి వెళ్లాలన్నా ఆ మేడ ముందు నుంచే వెళ్లాలి.

నా భర్త జయపాల్ తాపీమేస్త్రి. అతను కట్టిన గోడకు తూకం గుండు పట్టి చూడక్కర్లేదని ఊళ్లో పేరు. తాగిన రోజున మాత్రం ఆ పేరున్న మనిషిని ఏ అరుగు మీద నుంచో నేనూ అత్తగారూ చెరో రెక్కా పట్టుకుని ఇంటికి తెచ్చుకునేవాళ్లం. కిందటి వేసవిలో రక్తం కక్కుకున్నాడు. రాజమండ్రిలో డాక్టరు, లివరు చాలావరకు పోయిందని, ఇంకోసారి తాగితే తన దగ్గరికి తీసుకురావద్దని మొహం మీదే చెప్పాడు. అప్పటి నుంచి మానేశాడు. చెప్పినంత తేలిక కాదు. బ్రాందీ షాపు దూరంగా స్టేషను దగ్గర ఉంది కాబట్టి బతికిపోయాం. చేతులు వణికినప్పుడు చెప్పులేసుకుని బయల్దేరేవాడు, సగం దారిలో మనసు మార్చుకుని తిరిగొచ్చేవాడు. గుమ్మం బయటే అమ్ముతుంటే ఆ సగం దారి ఎక్కడి నుంచి వస్తుంది?

నేను ప్రైవేటు స్కూల్లో గుమాస్తాను. అర్జీ రాయడం నాకు వెన్నతో పెట్టిన విద్య. లైసెన్సు తగిలినంత మాత్రాన బారు తెరుచుకోదు, ఎక్సైజు వాళ్లు వచ్చి చోటు చూసి ఒప్పుకోవాలి, గుడికీ బడికీ చర్చికీ వంద మీటర్ల లోపు ఉండకూడదు. అది తెలుసుకుని అర్జీ రాశాను. పేటలో ఆడవాళ్లందరూ సంతకాలు పెట్టారు, సంతకం రానివాళ్లు వేలిముద్ర వేశారు. ఎక్సైజు సీఐగారు టేపు పట్టుకుని వచ్చారు. గోడల మీదుగా సూటిగా కొలవరట. చర్చి గేటు మధ్య నుంచి, జనం మామూలుగా నడిచే దారి వెంట, బారు గుమ్మం దాకా కొలుస్తారట. కొలిచారు. వందకు చాలా తక్కువ వచ్చింది.

"ఇక్కడ కుదరదండి. ఇంకో చోటు చూసుకోండి," అన్నారు సీఐగారు.

"చర్చి పక్కన పెట్టి ఆ పాపం నేనెందుకు కట్టుకుంటానండి," అని నవ్వుతూ కారెక్కారు జగన్నాథరావుగారు. ఆ నవ్వు చూసినప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు. గెలిచామని ఇంటికొచ్చి టీ పెట్టుకుని తాగాం.

నవంబరులో కోత పండుగ వచ్చింది. మా వాళ్లందరూ ఎవరి పెరట్లో పండింది వాళ్లు చర్చికి కానుకగా తెస్తారు. కోళ్లు, అరటిగెలలు, బియ్యం. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ వేలానికి జగన్నాథరావుగారు తెల్ల బట్టలు వేసుకుని వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. మా పేట మాణిక్యాంబ తెచ్చిన గుమ్మడికాయను ఎవరూ కలలో కూడా పాడని ధరకు పాడారు. తర్వాత మైకు అడిగి తీసుకున్నారు.

"మీ దేవుడైనా మా దేవుడైనా ఒక్కడేనండి. చూస్తే బాధేస్తంది, ఇంత మంచి చర్చికి ప్రహరీ లేదు. గేదెలు ప్రార్థనలోకి వచ్చేస్తన్నాయి. ఇటుకా సిమెంటూ నేనిస్తానండి. కాలవగట్టు రోడ్డు మీదికి పెద్ద గేటు పెట్టి, పైన ఆర్చి కట్టిద్దాం. తాడేపల్లిగూడెం పోయేవాళ్లందరికీ కనిపించాలి."

ఆయన చెప్పింది నిజమే. పాత ప్రహరీ ఎప్పుడో కూలిపోయింది. వీధి వైపు ఇనుప గేటు ఒక్కటే, గోడ లేకుండా, దిష్టిబొమ్మలా నిలబడి ఉండేది. అయినా మేం ఆ గేటు తీసుకునే లోపలికి వెళ్లేవాళ్లం. అది మా మర్యాద. చర్చి సెక్రటరీ ఎజ్రా మాస్టారు రిటైరైన టీచరు, మాటకు ముందు కన్నీళ్లు పెట్టుకునే మనిషి. ఆయన లేచి జగన్నాథరావుగారి చేతులు పట్టుకుని ఏడ్చారు.

అప్పుడు జయపాల్ లేచాడు. "కూలి వద్దండి. గోడ నేను కడతాను. దేవుడు నన్ను లేపాడు కదండీ, అదే నా కానుక," అన్నాడు.

"మంచిది జయపాల్," అన్నారు జగన్నాథరావుగారు. పేటలో మగవాళ్లను "ఒరే" అని తప్ప పిలవని నోరు అది. జయపాల్ ముఖం వెలిగిపోయింది. నాకు అప్పుడు కూడా మంట పుట్టింది గానీ అతని ముఖం చూసి మింగేశాను.

గోడ కట్టిన ఆ రోజుల్లో నా మొగుడు మళ్లీ నా మొగుడయ్యాడు. పొద్దున్నే లేచి స్నానం చేసి తాపీ పట్టుకునేవాడు. చేతుల వణుకు పోయింది. అత్తగారు చెంబుతో మజ్జిగ తీసుకెళ్లి, కొడుకు తాగేదాకా అక్కడే నిలబడేది. సాయంత్రం ఒళ్లంతా సిమెంటుతో వచ్చి, "ఇయ్యాల మూల తిప్పేశాను రూబీ," అని చెప్పేవాడు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అతని మీద ఎప్పుడో చచ్చిపోయిందనుకున్న ప్రేమ నాకు మళ్లీ పుట్టింది.

ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి వీధి వైపు గేటు ఊడదీసి నేల మీద పడుకోబెట్టి ఉంది. గేటు ఉన్నచోట జయపాల్ ఇటుకలు పేర్చుకుంటున్నాడు.

"ఇది మళ్లీ ఎప్పుడు పెడతారండి?" అని అడిగాను.

"పెట్టం. ఇటు మూసేయడమే. గేటు గట్టువైపు ఒకటేనంట."

సీఐగారి టేపు కళ్ల ముందు కదిలింది. కొలిచేది గేటు నుంచి. ఈ గేటు పోతే గట్టు మీది గేటు నుంచి కొలుస్తారు. మేడ గుమ్మం నుంచి రోడ్డెక్కి, మలుపు తిరిగి, గట్టు వెంట వెనక్కి రావాలి. వంద ఎప్పుడో దాటిపోతుంది.

ఆ మాటే చెప్పాను. "ఆగండి, ఆ ఇటుక పెట్టకండి. ఇది మూశామంటే అక్కడ బారు తెరుస్తారు."

జయపాల్ తాపీ కింద పెట్టాడు. "నేను చేసే ఏ పనిలోనూ నీకు తాగుడు తప్ప ఇంకోటి కనపడదా రూబీ? జీవితంలో ఒక్క మంచి పని చేస్తన్నాను. దాన్నైనా వదలవా?"

అతనికి కోపం కూడా లేదు, అదే నన్ను కోసింది. అక్కడి నుంచి నేరుగా ఎజ్రా మాస్టారింటికి వెళ్లాను. ఆయన అంతా విన్నారు.

"అమ్మాయ్, దాతను అనుమానించకూడదు. అర్జీలు రాయడం వచ్చు కదా అని అన్నిటి మీదా రాసేస్తావా? ఎంతకాలం ఈ వీధి మురుగు పక్క నుంచి చర్చికి పోవాలి మనం? రోడ్డు మీద ఆర్చి ఉంటే నలుగురూ గౌరవిస్తారు."

"పోనీ ఇటు వైపు చిన్న తలుపైనా ఉంచండి మాస్టారూ. మనుషులు పట్టేంత."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఒక్కటే గేటు ఉండాలన్నారమ్మా జగన్నాథరావుగారు. ఇచ్చేవాళ్లను ఎదురు అడుగుతామా?"

ఎందుకు ఒక్కటే ఉండాలన్నారో ఆయనకు అర్థం కాలేదంటే నేను నమ్మను. అర్థమైతే ఆర్చి పోతుందని అర్థం చేసుకోలేదు, అంతే. తిరిగి వచ్చేసరికి జయపాల్ ఇటుకల దగ్గరే కూర్చుని ఉన్నాడు. మాస్టారు ఏమన్నారని అడిగాడు. కట్టేయమన్నారని చెప్పాను. కట్టేశాడు. చీకటి పడేలోపు ఆ చోట గేటు ఉండేదన్న గుర్తు కూడా లేకుండా పూత పూసి నునుపు చేశాడు. పనిమంతుడు మరి.

క్రిస్మస్‌కు ప్రతిష్ఠ చేశారు. ఆర్చి కింద పాలరాయి మీద దాతగారి పేరు, పాస్టరుగారి పేరు, సెక్రటరీగారి పేరు చెక్కించారు. మేస్త్రి పేరు చెక్కే ఆనవాయితీ లేదట.

పండుగలు అయ్యాక సీఐగారు మళ్లీ టేపుతో వచ్చారు, జగన్నాథరావుగారు అదే మేడకు మళ్లీ దరఖాస్తు పెట్టుకున్నారు కాబట్టి. నేను స్కూలు మానేసి వెళ్లి నిలబడ్డాను.

"ఇది కావాలని మార్చిన గేటండి. మేం నడిచే దారి ఇది కాదు," అన్నాను.

"మరి చర్చిలోకి ఎటు నుంచి వెళ్తున్నారమ్మా? ఇంకో గేటు ఉందా?" సీఐగారు నన్ను కాదు, ఎజ్రా మాస్టారిని చూసి అడిగారు.

"లేదండి," అన్నారు మాస్టారు. టేపు కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలంటే ఆయనే వంగి పట్టుకున్నారు. కొలత వంద దాటింది. సీఐగారు రాసుకుని వెళ్లిపోయారు.

జయపాల్ ఆ సాయంత్రమే గునపం పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లాడు. జగన్నాథరావుగారి మనుషులు ఎవరూ అడ్డం రాలేదు. మా చర్చి కమిటీ వాళ్లే వచ్చి గునపం లాక్కున్నారు. ప్రతిష్ఠ చేసిన గోడ, ముట్టుకుంటే పోలీసు కేసు పెడతామన్నారు. నేను సీఐగారికి ఫోన్ చేస్తే, ఇప్పుడు గోడ పగలగొట్టినా లాభం లేదని, కొలత రాసేశాక కొత్తగా పెట్టిన గేటు లెక్కలోకి రాదని మర్యాదగానే చెప్పారు. నువ్వు ముందే చెప్పావనైనా జయపాల్ నాతో అంటే బాగుండేది.

ఏసీ బార్ అండ్ ఫ్యామిలీ రెస్టారెంటు తెరుచుకుంది. పెద్ద తెర మీద క్రికెట్టు, ఆదివారాలు పాటల కచేరీ. ఆరాధన వేళకు కచేరీ రిహార్సలు మొదలయ్యేది. మాస్టారు వెళ్లి అడిగితే సౌండు తగ్గించారు. "చూశారా, అడిగితే వింటన్నారు, మంచివాళ్లు," అని ఆయన అందరికీ చెప్పుకున్నారు.

మా ఇంటికి ఎదురుగా ఉన్న చర్చికి ఇప్పుడు మేం వీధంతా నడిచి, బారు గుమ్మం ముందు నుంచి రోడ్డెక్కి, గట్టు చుట్టూ తిరిగి వెళ్లాలి. ఆదివారాలు జయపాల్‌ను మధ్యలో పెట్టుకుని అత్తగారు ఒక పక్క, నేను ఒక పక్క నడిచేవాళ్లం. తలుపు తెరుచుకున్నప్పుడల్లా చల్లగాలితో పాటు ఆ వాసన బయటికి వచ్చేది. జయపాల్ తల దించుకుని అడుగులు పెద్దవి వేసేవాడు. అతని అరచెయ్యి నా చేతిలో చెమటలు పట్టేది. పనులకు పోవడం తగ్గించేశాడు. పనికి పోయినా ఆ గుమ్మం ముందు నుంచే పోవాలి, ఆ గుమ్మం ముందు నుంచే రావాలి.

ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం నాడు పేటంతా ఊరేగింపుగా బయల్దేరింది. పిల్లల చేతుల్లో ఈతమట్టలు, పాటలు, తోపులాట. మలుపులో అత్తగారు కాలు జారి కూర్చుండిపోతే ఆవిడను లేపడానికి జయపాల్ చెయ్యి వదిలాను. లేపి, నడిపించి, ఆర్చి దాకా వచ్చి వెనక్కి చూస్తే అతను లేడు.

అత్తగారు నన్ను చూసింది. నేను వెనక్కి పరుగెత్తాను.

బారు లోపల చల్లగా, మసకగా ఉంది. మూల బల్ల దగ్గర జయపాల్ కూర్చున్నాడు. తెల్ల చొక్కా, పక్కన ఈతమట్ట. ముందున్న గ్లాసు అప్పటికే ఖాళీ. మేనేజరు గబగబా వచ్చి, "మేడమ్, ఫ్యామిలీ సెక్షన్ పైనండి," అన్నాడు.

"లేవండి," అన్నాను జయపాల్‌తో.

"నువ్వెళ్లు రూబీ, ఆరాధన మొదలైపోద్ది," అన్నాడు. నా వైపు చూడలేదు. "రోజూ ఎంతని తల దించుకుని పోను?"

అతని చెయ్యి పట్టుకుని లాగాను. అతను రాలేదు. ఇంకొకటి తెమ్మని మేనేజరుకు సైగ చేశాడు. మేనేజరు నన్ను చూసి, అతన్ని చూసి, లోపలికి వెళ్లి తెచ్చాడు. నేను ఎదురు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇంకెక్కడికి వెళ్లాలో తెలియలేదు.

ఆ రోజు చర్చిలో దాతల కుటుంబాల క్షేమం కోసం ప్రత్యేక ప్రార్థన చేశారట. ఎజ్రా మాస్టారు జగన్నాథరావుగారి పేరు చదివారట. చివర అందరూ ఆమెన్ అన్నారని, మీ అత్త మాత్రం అనలేదని సాయంత్రం మాణిక్యాంబ మా ఇంటికి వచ్చి చెప్పింది. అలా చేస్తే తప్పు కదమ్మా, ఆవిడకు కొంచెం చెప్పు అంది.