తొమ్మిది శాతం బ్యాటరీ

తొమ్మిది శాతం.

లాప్‌టాప్ మూలన ఎర్రబడ్డ అంకె చూసి రూతమ్మ ముందుకు వంగింది. ఛార్జర్ పెట్టే ఉంది. దాని పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. అయినా బ్యాటరీ తరిగిపోతోంది!

పదకొండింటికి ఈ చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసులోనే బోధన్ చెరుకు రైతుల మీటింగ్. ఆరువందల పొలాల చెరుకులో తీపి ఎంతుందన్న లెక్కంతా ఆ పెట్టెలోనే ఉంది. ఎవరి చెరుకు ముందు పండితే వాళ్లకే ముందు కోత పర్మిట్. అందుకోసం రూతమ్మ సొంతంగా ప్రోగ్రాం రాసింది. జాబితా ప్రింటవ్వడానికి అరగంట కావాలి. అది రాకపోతే మళ్లీ పాత పద్ధతే. పెద్ద రైతులు ముందు, గుమ్మంలో కూర్చున్న పెంటవ్వ చివర. ఆమె రెండెకరాల చెరుకు అప్పటికే ఎండుముఖం పట్టింది.

“విండోస్ తీసి గా లైనక్స్ ఎక్కించొద్దని మొదట్నుంచి మొత్తుకుంటున్న,” అన్నాడు ఫీల్డ్‌మన్ రాందాస్. “రోజూ పొలం నుంచి రాంగనే నేనే ఛార్జింగ్ పెడుతున్న. నాకు తెల్వదా?”

“జర ఆగన్నా.”

రూతమ్మ నల్లతెర మీద కమాండ్ కొట్టింది. బ్యాటరీ బాగానే ఉంది. అడాప్టర్, అంటే ఛార్జర్, మాత్రం ఆఫ్‌లైన్! ఛార్జర్‌ను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ముక్కను తీసేసి మళ్లీ ఎక్కించింది. అదే జవాబు.

“లైనక్స్ తప్పేం లేదు. కరెంటే లోపలికి వస్తలేదు.”

గోడ ప్లగ్గు మార్చింది. లాభం లేదు. ఐదు శాతం.

“పాత రిజిస్టర్ తియ్యాల్నా?” రాందాస్ బీరువా వైపు నడిచాడు.

“బిడ్డా,” పెంటవ్వ గుమ్మంలోంచి లేచొచ్చి బల్ల మీదికి వంగింది, “గా పెట్టెకు చీమలు పట్టినయేంది?”

రూతమ్మ ఉలిక్కిపడింది. ఎర్రచీమల బారు నేరుగా ఛార్జింగ్ రంధ్రంలోకే పోతోంది! పిన్ను లాగి టార్చి వేసింది. లోపలంతా గోధుమరంగు జిగట, ఎండి పెచ్చు కట్టింది. పిన్నుకూ అదే పూత.

లాప్‌టాప్ మూత వేసి నిద్రపుచ్చింది. ఫస్ట్‌ఎయిడ్ డబ్బాలోని స్పిరిట్, అగ్గిపుల్లకు చుట్టిన దూది. తుడిచింది, గీకింది, మళ్లీ తుడిచింది. తడి ఆరేదాకా ఆగి, పిన్ను గుచ్చి మూత తెరిచింది.

అడాప్టర్: ఆన్‌లైన్. బ్యాటరీ: ఛార్జింగ్.

“ఛార్జింగ్ ఎక్కుతున్నది!” రూతమ్మ అరుపుకు బయట రైతులు లోపలికి తొంగిచూశారు. ప్రింటర్ గరగరమంది. మొదటి కాగితంలో మూడో పేరు పెంటవ్వది, రూతమ్మ పైకి చదివింది.

“సదివి ఇనిపించు బిడ్డా, ఇంకోపారి!” ముసలామె ముఖం వెలిగిపోయింది.

“ఇంతకు లోపలేమున్నది?” రాందాస్ గొణిగాడు.

రూతమ్మ దూది వాసన చూసింది. కమ్మగా, తీయగా ఉంది. తీపి కొలిచే మీటరు మీద పొద్దంతా చెరుకు గడలు పిండి, చేతులైనా కడగకుండా పిన్ను పట్టుకునేది ఒక్కడే. రాందాస్ చేతులు మెల్లగా వీపు వెనక్కి పోతున్నాయి.

“దాచకు కొడుకా, చీమలు పడతయ్,” అంది పెంటవ్వ. గదంతా గొల్లున నవ్వింది.

రూతమ్మ దూది పైకెత్తి చూపించింది.

“దొంగెవరంటే, లైనక్స్ కాదు, బ్యాటరీ కాదు. నీ చేతికంటిన చెరుకు రసం, రాందాసన్నా!”