ఆకురంగు కోటు

ఆ కోటు ఎంత తేలికంటే, అరచేతిలో పెట్టగానే రాజకుమారికి ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత దాని రంగు చూసింది. నవ్వు అక్కడితో ఆగిపోయింది.

"ఇదెందుకు తీసేవు బాబూ? లోపల పెట్టీ," అంది.

విశాఖపట్నంలో ఆటసామాన్ల కొట్టు అది. బల్ల అవతలున్నాయన పేరు ప్రేమ్‌కుమార్. మంచివాడే పాపం, పొద్దుటినుంచి విసుక్కోకుండా చూపిస్తున్నాడు. బల్లకి ఇవతల రాజకుమారి, ఆమె తమ్ముడు ఫల్గుణ. పెదబయలు దాటాక కొండమీద ఊరు వాళ్ళది. ఆమె అక్కడి ఆశ్రమ పాఠశాల పిల్లలకి వండిపెడుతుంది. అమ్మా నాన్నా పోయాక ఆ గుంటణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. వాడి కాళ్ళు మాత్రం ఎవరూ పెంచకుండా వాటంతటవే పెరిగాయి. అరకులో వానాకాలం కొండపరుగు పోటీ పెడుతున్నారనీ, ముందొచ్చినవాళ్ళని పట్నం తీసుకెళ్ళి తర్ఫీదిస్తారనీ తెలిసిన రోజునుంచి వాడికి అన్నం సయించడం లేదు. పోటీకి ఒక షరతుంది. ఒంటిమీద వానకోటు లేనివాణ్ణి గీత దాటనివ్వరు. యూరియా సంచీ కప్పుకొస్తానంటే కుదరదు. అడ్డాకుల గిడుగు నెత్తిన పెట్టుకుని పరిగెడతానంటే అసలే కుదరదు.

ప్రేమ్‌కుమార్ బల్లమీద పరిచినవాటిలో ఒకటి రెక్సిన్‌ది. దాన్నేసుకుంటే మనిషి నడవగలడేమో గానీ పరిగెత్తలేడు, లోపల చెమటకి ఉడికిపోతాడు. ఇంకొకటి పసుపుది. బంతిపువ్వు రంగు, పొగమంచులో కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మూడోది ఇదిగో, ఈ ఆకురంగుది. బురద కలిసిన ముదురాకు రంగు. మడిస్తే దాని జేబులోనే అది దూరిపోయి జామకాయంత అవుతుంది. లోపల కుట్లమీద టేపు అంటించి ఉంది, చంకల కింద గాలాడే కన్నాలున్నాయి. ప్రేమ్‌కుమార్ గ్లాసుడు నీళ్ళు దానిమీద వంపితే చేమాకు మీదనుంచి జారినట్టు జారిపోయాయి.

"ఎక్కువకాలం మన్నదు తమ్ముడూ. ముల్లు తగిల్తే చిరుగుతుంది. కానీ పరుగుకైతే దీన్ని మించింది లేదు," అన్నాడు.

"ఇదే పసుపు రంగులో ఉందా?" అంది రాజకుమారి.

"లేదమ్మా, ఈ రంగొక్కటే వచ్చింది. ఏం, అడవిలోకి అడవి రంగు బాగానే ఉంటుంది కదా?"

ఏం చెబుతుంది? బల్ల వెనక కూర్చున్న పట్నపాయనకి ఏమని చెబుతుంది? తమ కొండల్లో ఆ రంగు గుడ్డ ఎవరూ కట్టరని, కట్టేవాళ్ళ చేతిలో తుపాకీ ఉంటుందని, ఆ తుపాకీ ఈ పక్షందో ఆ పక్షందో పైకి అడగరని! కిందటేడు పక్క ఊరి కామేష్ సంతలో చవగ్గా దొరికిందని అదే రంగు ప్యాంటు కొనుక్కున్నాడు. ఎవరో పట్టుకెళ్ళారు. తిరిగొచ్చాడు గానీ, ఇప్పటికీ కుంటుతూనే ఉన్నాడు. ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకొచ్చి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే. ఈ మాట నలుగురిలో అనేది కాదు. గోడలకి చెవులుంటాయి, కొట్లకి ఇంకా పెద్ద చెవులుంటాయి.

"పసుపుది తీసుకో ఒరే," అంది మెల్లిగా.

ఫల్గుణ ఒక్కో చేతిలో ఒక్కో కోటు పెట్టి తూచాడు. పసుపుది వేసుకుని కొట్టు మెట్లు ఎక్కి దిగాడు. టోపీ కళ్ళమీదికి పడుతోంది, చేతులాడించినప్పుడల్లా భుజాలు పట్టేస్తున్నాయి. దాన్ని విప్పేసి ఆకురంగుది వేసుకున్నాడు. టోపీ తాడు గడ్డంకింద బిగించి మెట్లమీద ఎగిరాడు. వాడి మొహం చూడాలి! పెళ్ళికొడుకు మొహం కూడా అంత వెలగదు.

"ఫల్గుణా!" అని వెనకనుంచి పిలిచింది. తిరగలేదు. మళ్ళీ పిలిచింది. చెవులమీద ఆ గుడ్డ గలగలకి వాడికి వినబడలేదు. ఆమె వెళ్ళి భుజమ్మీద చెయ్యేస్తే ఉలిక్కిపడి తిరిగాడు.

"అప్పా, కిందటేడు పాడేరు పరుగులో నానెందుకోడిపోయాను? చొక్కా తడిసి బరువెక్కిపోయి. ఈసారి కూడా బరువు మోసుకుని పరిగెత్తమంతావేటి?"

మొండివాడు రాజుకన్నా బలవంతుడన్నారు. ఆకురంగు కోటే కొన్నారు.

ఇంటికొచ్చాక రాజకుమారి పాత ఎర్రచీర అంచు చింపి, సూదిలో దారమెక్కించి కూర్చుంది. వీపుమీద బెత్తెడంత ఎర్రగుడ్డ కుట్టేస్తే దూరంనుంచి చూసేవాడికి తెలుస్తుంది కదా అని ఆమె లెక్క. ఫల్గుణ పరిగెత్తుకొచ్చి కోటు లాక్కున్నాడు.

"ఏటి సేత్తన్నావు? సూది గుచ్చితే కోటు సచ్చినట్టే! కన్నంలోంచి నీరు దిగిపోతాది."

"దిగితే దిగనీరా. నీరే కదా!"

"నీకు తెల్దు, ఊరుకో."

రాజకుమారికి కోపమొచ్చింది. కోపం వెనకే ఏడుపొచ్చింది. సూదీ దారం గూట్లో పారేసి అంది, "సరే, కుట్టను. అయితే ఒట్టెయ్యి. మలుపు మలుపుకీ ఆగి ఇంటి కూత వేస్తేనే ఆ కోటేసుకో. లేకపోతే దాన్ని పొయ్యిలో పెడతాను, తెల్సా!"

ఇంటి కూత అంటే ఆ కొండమీద అందరికీ తెలిసిన సంగతే. పొగమంచులో, వానలో, ఎదుటి మనిషి కనబడని దారుల్లో ఒక్కో ఇంటికీ ఒక్కో కూత. వీళ్ళింటిది రెండు పొట్టివి, ఒకటి పొడుగు. మలుపు దగ్గర మనిషి ఆగి కూస్తాడు. కింద ఇంట్లో ఉన్నవాళ్ళు అదే కూత తిరిగి కూస్తారు. ఫలానావాడు వస్తున్నాడని ఊరికి తెలుస్తుంది, ఎలుగుబంటి ఉంటే తప్పుకుంటుంది. జవాబు వచ్చేదాకా అడుగు ముందుకి వెయ్యకూడదు. తాతలనాటినుంచీ అంతే. తుపాకులు పట్టుకు తిరిగేవాళ్ళకి కూడా ఆ కూతలు అలవాటైపోయాయి. ఓహో, వంటమనిషి తమ్ముడు అనుకుని వదిలేస్తారని ఆమె ధైర్యం.

"పరుగులో ఆగితే ఇంకేటి పరుగప్పా?" అని గునిశాడు ఫల్గుణ.

"ఒట్టెయ్యి."

వేశాడు. ఆమె తలమీద చెయ్యిపెట్టి మరీ వేశాడు.

రోజూ సాధన మొదలయ్యింది. పొద్దు వాలేముందు కొండ అవతలి గెడ్డదాకా పోయి, వాగునీళ్ళు ముట్టి తిరిగొచ్చేవాడు. మలుపు దగ్గర టోపీ వెనక్కి తోసుకుని కూసేవాడు. వంటశాల వాకిట్లోంచి రాజకుమారి జవాబిచ్చేది. వినగానే టోపీ మళ్ళీ బిగించుకుని పరుగు. సిల్వర్ ఓక్ తోట మలుపు, తర్వాత నల్లరాతి మలుపు, తర్వాత చింతల మలుపు. మూడు కూతలూ విన్నాకే ఆమె అన్నం వార్చేది. మొదట్లో గొణిగినవాడు తర్వాత సరదా పడ్డాడు. "నువ్వు బేగి కుయ్యి అప్పా, నీవల్లే ఆలీసమౌతంది," అని ఆటపట్టించేవాడు కూడా.

ఇలా ఉండగా ఆషాఢం ముసురు పట్టింది. ఆ వారం సంతనుంచి వచ్చిన సోములమ్మ గిడుగు గుమ్మం పక్కన ఆనించి, తడిచిన కాళ్ళు పొయ్యి దగ్గర పెట్టుకుంది. సోములమ్మ కూడా ఆ వంటశాలలోనే పనిచేస్తుంది. ఊళ్ళో ఏ ఆకు కదిలినా ముందు ఆమెకే తెలుస్తుంది.

"కొండమీదికి కొత్తోళ్ళు దిగీసారట," అంది గొంతు తగ్గించి.

"ఎవుళ్ళు?"

"ఎవుళ్ళని అడగమంతావా నన్ను? పాతోళ్ళు ఎలిపోనారట. ఈళ్ళకి మన మాట రాదట, మన మనుషులు తెల్దట. సంతలో గంగరాజు కావిడి దింపించి సోళ్ళ గింజలన్నీ నేలమీద పోయించీసారు."

రాజకుమారి ఆ సాయంత్రం తమ్ముడికి అంబలి పోస్తూ, "నాలుగు రోజులు పరుగు మానీరా," అని బతిమాలింది.

"పోటీ దగ్గరికొచ్చీసింది. ఇప్పుడు మానితే కాళ్ళు బిగిసిపోతాయి."

"కొత్తోళ్ళట."

"నీ కూతుంది కదేటి నాకు?" అని నవ్వాడు.

ఆ నవ్వుకి ఆమె మెత్తబడిపోయింది. "అయితే రేపట్నుంచి ఇంకా గట్టిగా కుయ్యి. కొండంతా వినబడాల," అంది. ఆ మాట అన్నది ఆమే. పాత మనుషులకి తెలిసిన కూత కొత్త మనుషులకి ఎలా తెలుస్తుందన్న ఆలోచన ఆమెకి రాలేదు. ఆ కొండమీద పుట్టినవాళ్ళెవరికీ రాదు. కూతవల్ల మంచి జరగడమే తప్ప వాళ్ళకి మరొకటి తెలియదు.

మర్నాడు వాన మధ్యాహ్నంనుంచే వదలకుండా కొట్టింది. రేకులమీద చినుకుల మోతకి వంటశాలలో ఒకరి మాట ఒకరికి వినబడటం లేదు. ఫల్గుణ ఆకురంగు కోటు తొడుక్కుని, జిప్పు పైదాకా లాగి, వాకిట్లో ఒకసారి గెంతాడు.

"చూడు అప్పా, ఒక్క చుక్క దిగితే నన్నడుగు!"

పది అడుగులు వేసేసరికి అడవిలో కలిసిపోయాడు. కన్ను చిట్లించి చూసినా ఆకేదో, తమ్ముడేదో తేలలేదు. రాజకుమారికి అది నచ్చలేదు. తలుపు దగ్గరే నిలబడింది.

పొద్దు వాలుతుండగా తోట మలుపునుంచి కూత వచ్చింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. చెప్పినట్టే గట్టిగా కూశాడు. రాజకుమారి వాకిట్లోకి దూకి, వానలో తడుస్తూ అంతకన్నా గట్టిగా జవాబిచ్చింది. కాసేపటికి నల్లరాతి మలుపునుంచి రెండోది. రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టుకుని, ఉన్న ఊపిరంతా పోసి కూసింది.

అప్పుడే పైన ఎక్కడో పచ్చివెదురు మంటలో పేలినట్టు ఒక చప్పుడయ్యింది. వెంటనే ఇంకొకటి.

"పిడుగేమో," అంది సోములమ్మ.

అది పిడుగు కాదని ఆమెకీ తెలుసు.

చింతల మలుపునుంచి కూత రాలేదు. రాజకుమారి తనే కూసింది. గొంతు బొంగురుపోయేదాకా కూసింది. వాన తప్ప ఏమీ పలకలేదు. పొయ్యిమీద అన్నం మాడి వాసనొస్తోంది. పిల్లలు గుమ్మంలో గుంపుగా నిలబడ్డారు. ఒక్కడూ ఆకలని అనలేదు.

కొంతసేపటికి వాళ్ళు దిగొచ్చారు. తుపాకులు, బురద బూట్లు, అవే ముదురాకు బట్టలు. ముందున్నవాడి చేతిలో కోటు ఉంది. దాని వీపుమీద, రాజకుమారి ఎర్రగుడ్డ కుడదామనుకున్న చోట, ఒక కన్నం. ఆమె చూపు ఆ కన్నంమీదినుంచి కదల్లేదు.

"వాడు కూసి ఆగాడు. ఇట్నుంచి జవాబు రాగానే పరిగెత్తాడు. ఆగమని అరిచాం, ఆగలేదు. రెండుసార్లూ అంతే," అన్నాడు ఆ మనిషి కింది ఊళ్ళ యాసలో. "కింద వాడి ముఠా ఎక్కడుంది? ఇక్కడినుంచి సైగ చేసిందెవరు?"

సోములమ్మ వెనకనుంచి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. నోరు తెరవొద్దని ఆ పట్టుకి అర్థం.

రాజకుమారి చెయ్యి విడిపించుకుంది.

"నానే బాబూ," అంది. "ఆడిచేత కూయించింది నానే. జవాబిచ్చిందీ నానే. ఆడు నా తమ్ముడు."

ఆ మనిషి పక్కవాడి వంక చూశాడు. రాజకుమారి అతని చేతిలోని కోటు తీసుకుంది. ఎవరూ అడ్డుపడలేదు. గిడుగు లేదు, దీపం లేదు. వాళ్ళ మధ్యనుంచే నడిచి కొండదారి పట్టింది. మొదటి మలుపు దగ్గరికి వచ్చేసరికి అలవాటైన నోరు దానంతటదే కూసింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

కూసినాక జవాబు వచ్చేదాకా అడుగు ముందుకి వెయ్యకూడదు. రాజకుమారి వానలో అక్కడే నిలబడింది.