కాటా గదిలో అరిచిన మిషను

నేను ఒక కిటికీని. గాలి కోసం తెరిచేది కాదు, కంప్యూటర్ తెర మీద తెరుచుకునేది. ప్రింటు తీయబోతే ఏ మిషను మీద, ఎన్ని ప్రతులు, ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా అని అడుగుతుందే, ఆ కిటికీని. యునిక్స్ వంశంలో పుట్టిన లినక్స్ కంప్యూటర్లు నా పుట్టిల్లు. నేను రాకముందు అక్కడ ప్రింటు కావాలంటే నల్లటి తెర మీద ఆదేశాలు టైపు చేయాల్సిందే. ఒక్క అక్షరం తప్పితే కాగితం వచ్చేది కాదు. ఆ బాధ చూడలేక దేశానికొకరు చొప్పున కొందరు, ఒకరి మొహం ఒకరు ఎరగకుండానే, జీతం భత్యం లేకుండా నన్ను తయారుచేశారు. నా బొత్తాలు గుండ్రంగా ఉండాలా పలకగా ఉండాలా అని నెలల తరబడి తిట్టుకున్నారు కూడా.

నేను వచ్చింది కాగితాల కోసం. చూసిందంతా దెబ్బలే.

మొదట ఒక కాలేజీ ల్యాబులో ఉన్నాను. రిపోర్టు పడలేదని అక్కడొకడు ప్రింటర్‌ను కాలితో తన్ని ముక్కలు చేశాడు. ఆ తర్వాత నేనున్న కంప్యూటర్‌ను శుభలేఖలు వేసే షాపువాడు కొన్నాడు. ముహూర్తం తప్పుగా పడిందని అతను పనివాణ్ణి ఇనప స్కేలుతో నెత్తురొచ్చేలా కొట్టాడు. ఆ తప్పు టైపు చేసింది ఆ షాపువాడే. షాపు మూతపడ్డాక గోదావరి చివర, ఉప్పుటేరు గట్టు మీదున్న రొయ్యల ఫ్యాక్టరీకి చేరాను.

అక్కడ నన్ను వాడింది సీతారత్నం. ఆఫీసు గదిలో ఆమె కుర్చీ, ఆమె ముందు నేను. నా జాబితాలో మూడు మిషన్లు ఉండేవి. ఒకటి ఆఫీసుది, ఒకటి పెట్టెల మీద లేబుళ్లు వేసేది, మూడోది గేటు పక్కన లారీలు తూచే కాటా గదిలో ఉండే పాతకాలపు సూదుల ప్రింటర్. అది నడిస్తే రేకు మీద మేకుతో గీసినట్టు ఫ్యాక్టరీ అంతా వినబడేది. ఏ గదిలో ఎవరు ప్రింటు నొక్కినా ఆ పని ముందు నా దగ్గరికే వచ్చి వరుసలో నిలబడుతుంది.

మనుషులకు ఒక్కసారి నొక్కితే నమ్మకం కలగదు. మిషన్లో కాగితం అయిపోయిందేమో చూడరు, మళ్లీ నొక్కుతారు, మళ్లీ నొక్కుతారు. ఆ శనివారం సాయంత్రం కూడా కాటా దగ్గర కుర్రాళ్లు అదే పని చేశారు. ఒకే చీటీ గుట్టలుగా నా దగ్గర పోగుపడింది. రత్నం వాళ్లను తిట్టి కాటా ప్రింటర్‌ను నా ద్వారానే ఆపేసింది. కాటా గుమస్తా నూకరాజు కొత్త కాగితం కట్ట ఎక్కించాడు. పనికిరాని ఆ చీటీలను సోమవారం తీసెయ్యొచ్చులే అనుకున్నారు.

ఈ నూకరాజుకు ఒక ప్రాణగండం ఉంది. మా వైపు చీకటిపడితే చెరువుల్లో రొయ్యలు దొంగిలించే ముఠాలు తిరుగుతాయి. ఐసు కూడా వేయకుండా, నాచుతో సహా తెచ్చిన రొయ్యల వ్యాను ఒకటి కాటా ఎక్కితే నూకరాజు దొంగసరుకని పసిగట్టి గేటు మూయించి పోలీసులను పిలిచాడు. ముఠా నాయకుడు కొండబాబు దొరికిపోయాడు. కబురు తెలిసి వచ్చిన చెరువుల రైతులు అతని తమ్ముణ్ణి కొట్టిన దెబ్బలకు వాడు ఆస్పత్రిలో చచ్చిపోయాడు. కొట్టింది రైతులైనా కొండబాబు కక్షంతా నూకరాజు మీదే పెట్టుకున్నాడు. బెయిలు మీద బయటికొచ్చాడని అందరికీ తెలుసు. నూకరాజు మాత్రం పనికి రావడం మానలేదు.

మర్నాడు ఆదివారం, ఫ్యాక్టరీకి సెలవు. మధ్యాహ్నం లేబుళ్లు వేయడానికి రత్నం, కాటా సరిచూడ్డానికి నూకరాజు, గేటు దగ్గర వాచ్‌మన్ తాతారావు, ముగ్గురే ఉన్నారు. గేటు విరిగిన చప్పుడు వినబడింది. కాసేపటికి నూకరాజు ఆఫీసులోకి వచ్చి పడ్డాడు. భుజం మీద కత్తివేటు పడి చొక్కా చెయ్యంతా నెత్తురు.

"ఆళ్లొచ్చేశారండి రత్నంగారు. కత్తులున్నాయండి."

రత్నం తలుపు గడియ పెట్టింది. పోలీసులకు ఫోను చేసింది. వస్తున్నామన్నారు. బయట ఒక్కో గది తలుపూ గొడ్డలితో పగలగొడుతున్నారు. ముందు ప్యాకింగు హాలు, తర్వాత స్టోరు. ఆఫీసు వెనకాల ఐసు గది మీదుగా ఏటి గట్టుకు దారుంది గానీ అక్కడా ఇద్దరు కాపలా ఉన్నారు. నూకరాజు నేల మీద కూలబడి చొక్కా నోట్లో కుక్కుకుని నొప్పి దిగమింగుతున్నాడు.

"తాతారావు బాబాయేడి?" అని రత్నం గుసగుసగా అడిగింది.

"గోడవైపు పరిగెత్తాడండి. దూకేసుంటాడు."

అప్పుడామె నన్ను తెరిచింది. కాటా ప్రింటర్ పేరు మీద నొక్కి, ఆపిన మిషన్ను మళ్లీ నడవమంది. గుట్టగా నిలబడి ఉన్న చీటీలన్నీ ఒక్కసారిగా కదిలాయి. దూరంగా గేటు పక్కన ఆ మిషను అరవడం మొదలుపెట్టింది.

"కాటా గదిలో ఉన్నాడ్రా నా కొడుకు" అని కొండబాబు గొంతు వినబడింది. గొడ్డళ్లు ఆగాయి. పరుగులు గేటువైపు మళ్లాయి, వెనక కాపలా ఉన్నవాళ్లు కూడా. రత్నం నూకరాజును భుజానికెత్తుకున్నంత పనిచేసి ఐసు గదిలోంచి గట్టు దాటించి నాటు పడవలో పడేసింది. ఆమె తెలివిని చూసి నేను గర్వపడ్డాను. ఆ గర్వం తలుచుకుంటే నాకిప్పటికీ అసహ్యం వేస్తుంది.

తాతారావు గోడ దూకలేదు. మోకాళ్ల నొప్పుల ముసలాయన, ఎలా దూకుతాడు? కాటా గదిలో దూరి లోపల గడియ పెట్టుకున్నాడు. గడియ పెట్టి ఉండేసరికి వాళ్లకు అనుమానమే లేకపోయింది. తలుపు పగిలేదాకా మిషను అరుస్తూనే ఉంది. నూకరాజు కాదని తెలిశాక కూడా ఆగలేదు వాళ్లు. ముసలాయన్నీ మిషన్నీ కలిపి నరికారు. చివరి చీటీ సగంలో తెగిపోయిందని నాకు తెలిసింది. మిషను పలకడం లేదని నా తెర మీద ఒక వాక్యం వచ్చింది, అంతే.

కొండబాబు దొరికాడు. నూకరాజు బతికాడు. ఊళ్లో మాత్రం ఇంకో కథ పుట్టింది. నూకరాజును కాపాడ్డానికి తాతారావే మిషను ఆడించి హంతకులను తన వైపు రప్పించుకున్నాడని చెప్పుకున్నారు, ఆయన ఫోటోకు దండలు వేశారు. నూకరాజు నిజం చెప్పబోతే రత్నం చూపుతోనే ఆపింది. తనకోసం ఆపిందో, తాతారావు భార్య కోసం ఆపిందో నేను చెప్పలేను.

కాటా గదికి కొత్త మిషను వచ్చాక తాతారావు భార్య మరిడమ్మ ఆఫీసుకు వచ్చింది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"మా ఆయనకి సంతకం పెట్టడమే రాదు గదమ్మా. ఆ మిసను ఎలా ఆడించాలో ఎవరు నేర్పారు?"

రత్నం తల దించుకుంది. "నేనే నేర్పాను పిన్నీ" అంది.

"నీ చలవ తల్లీ. పోయినా మంచి పేరుతో పోయాడు." మరిడమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "ఒక్కసారి నాకూ సూపించవా. ఆడు ఆకర్న ఇన్న సప్పుడు నేనూ ఇంటాను."

రత్నం కాదనలేకపోయింది. లేచి కాటా గదిదాకా వెళ్లి, ఎవరూ లేరని చూసి వచ్చింది. ఈమధ్య ఆ మిషను నడిపే ముందు ప్రతిసారీ అలాగే చేస్తోంది. నన్ను తెరిచి, మరిడమ్మ చెయ్యి పట్టుకుని మౌసు మీద పెట్టింది. ప్రింటు అన్న బొత్తాం దగ్గర బాణం గుర్తు ఆగింది. ముసలి వేలు నొక్కింది. గేటు పక్కన మిషను అరిచింది.

మరిడమ్మ ఆ చప్పుడు వచ్చిన వైపు చూసింది. తర్వాత తన వేలివంక చూసుకుంది.

"ఇక్కడ నొక్కితే అక్కడాడుద్దా అమ్మా?"

మరిడమ్మ మెల్లిగా మౌసు మీద నుంచి చెయ్యి తీసుకుంది. రత్నం మొహంలోకి చూస్తూ అలాగే నిలబడిపోయింది. కాటా గదిలో మిషను ఇంకా అరుస్తూనే ఉంది, దాన్ని ఆపమని ఇద్దరిలో ఎవరూ నాకు చెప్పలేదు.