చింపుతారనుకున్న కాగితం

మా తోడికోడలికి ఉద్యోగం వచ్చిందని తెలియగానే నాకు కడుపు మండింది. దాచడమెందుకు? నిలువునా కుళ్లుకున్నాను.

రోజూ సాయంత్రం ఏడింటికి మా అత్తగారు సోఫాలో, నేను కింద బఠాణీలు ఒలుచుకుంటూ, మా తోడికోడలు చిన్నది తన పిల్లాణ్ణి ఒళ్లో వేసుకుని సీరియల్ చూస్తాం. ఆవేళ అందులో కోడలు, ఉద్యోగం మానెయ్యమన్న మొగుడికి ఎదురుతిరిగి, బ్యాగు తగిలించుకుని గడప దాటేసింది. మా అత్తగారు కళ్లొత్తుకుని, "శభాష్! ఆడదంటే అలా ఉండాలి" అంది. ప్రకటనలు పడగానే చిన్నది, "అత్తయ్యా, సోమవారం నుంచి నేను ఆఫీసుకెళ్తున్నాను" అంది. అంతే!

"సరేనమ్మా. పిల్లాణ్ణి పెద్దకోడలు చూసుకుంటుందిలే" అని ఆవిడ సౌండు పెంచింది.

నేనెందుకు చూసుకోవాలి? నన్నొక్క మాట అడిగారా? మెత్తనివాళ్లని చూస్తే మొత్తబుద్ధని ఊరికే అన్నారా!

పదకొండేళ్ల కిందట నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. నేను సూది గుచ్చితే పసిపిల్లలు కూడా ఏడ్చేవాళ్లు కాదు, అంత మంచి చెయ్యి నాది. మా పెద్దవాడు పుట్టాక, ఉద్యోగం మానెయ్యమని ఇంట్లో సణుగుడు మొదలైంది. అప్పట్లో ఇంకో సీరియల్ వచ్చేది. అందులో కోడలు రాజీనామా రాసి అత్త చేతిలో పెడుతుంది. అత్త కళ్లనీళ్లు పెట్టుకుని, దాన్ని పరపరా చింపేసి, "వదులుకోడానికి సిద్ధపడ్డావు, నాకదే చాలు, వెళ్లమ్మా" అంటుంది. మర్నాడే నేనూ అచ్చం అలాగే రాసి మా అత్తగారి చేతిలో పెట్టి, తలొంచుకుని నిలబడ్డాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఆవిడ కళ్లనీళ్లయితే పెట్టుకుంది. కాగితం మాత్రం శుభ్రంగా మడిచి మా ఆయన చేతికిచ్చి, "బంగారుతల్లి! రేపు ల్యాబ్‌లో ఇచ్చేసి రారా" అంది.

ఇప్పుడు దానికేమో ఆఫీసు, నాకేమో దాని పిల్లాడు.

సీరియల్ అయిపోయింది. చిన్నది పిల్లాణ్ణెత్తుకుని లోపలికెళ్లింది. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"అత్తయ్యా, ఆ రోజు నా కాగితం ఎందుకు చింపలేదు?"

ఏ కాగితమని ఆవిడ అడగలేదు. టీవీ కట్టేసింది.

"చింపుతానని నువ్వు కాచుకుని నిలబడ్డావని తెలుసే. ఆ సీరియల్ నేనూ చూశాను. చింపితే ఇంట్లో వంటెవరు చేస్తారని ఊరుకున్నాను."

"మరి దాన్నెలా వెళ్లమన్నారు?"

"అది నన్ను అడిగిందా ఏమిటి? చెప్పింది."

నా ఒళ్లు భగ్గుమంది. "అయితే నేనూ చెబుతున్నా. సోమవారం నుంచి ల్యాబ్‌కి వెళ్తాను. పిల్లాణ్ణి మీరే చూసుకోండి" అన్నాను. అసలు ల్యాబ్‌వాళ్లు చేర్చుకుంటారో లేదో కనుక్కోనైనా లేదు.

ఇల్లు పీకి పందిరేస్తుందనుకున్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "వెళ్లు. వంటమనిషిని మాట్లాడుకుందాంలే" అని లేచి వెళ్లిపోయింది.

ఇంతేనా? పదకొండేళ్ల నా బతుక్కి ఒక వంటమనిషి సరిపోయిందా! అక్కడే కూలబడి భోరుమన్నాను.

లోపల్నుంచి మా మాటలు విన్నట్టుంది, చిన్నది పరుగెత్తుకొచ్చింది. "ఏమైందక్కా? ల్యాబ్‌కి వద్దన్నారా?"

దాని మొహం చూసేసరికి నాకు ఏడుపు ఇంకా పొంగుకొచ్చింది.

"లేదే," అన్నాను, "వెళ్లమన్నారు."