ముత్తన్న పాతిన బోర్డులు

ఆరో బోర్డు తుడవడం అయింది. ముత్తన్న తడిగుడ్డ పిండి భుజాన వేసుకుని ఏడోదాని వైపు నడిచాడు. ఎడారి రోడ్డు పక్కన, ఒంటెల కొట్టాలకూ పాత దిబ్బలకూ నడుమ, ఆ చోటి చరిత్ర చెప్పే ఇనుప బోర్డులు ఏడున్నాయి. ఏడూ అతను పాతినవే. ఏది దేని బోర్డో ఎవరో చెబితే గుర్తుపెట్టుకున్నాడు తప్ప, వాటి మీద అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఏం రాసి ఉందో అతనికి తెలియదు. తెలియనందువల్ల తుడవడంలో లోటేమీ రాలేదు.

యాభై ఏళ్ళ బక్కపలచని మనిషి. ఎండకు కమిలిన మెడ, గడ్డపార పట్టీ పట్టీ వంకరపోయిన వేళ్ళు. 1985లో జగిత్యాల పక్క పల్లె నుంచి దుబాయి పోతున్నానని చెప్పి బహ్రెయిన్‌లో దిగాడు. పదకొండేళ్ళయినా ఇంటి దగ్గర అది దుబాయే. ఆ సాయంత్రం ఏడింటికి విమానం. ఇక తిరిగి రాడు. రెండుసార్లు ప్రయాణం రద్దయ్యాక భార్య భీమవ్వ క్యాసెట్‌లో మాట పంపింది.

"ఈపారి రాకుంటె ఇగ రానే రాకు. నీ ఫోటోకు దండేస్త."

కూలీలుండే మామీర్ క్యాంపులో ఆ క్యాసెట్ విన్న పన్నెండు మందీ పడీపడీ నవ్వారు. ముత్తన్న నవ్వలేదు. భీమవ్వ అన్నంత పనీ చేసే మనిషి.

అతని పాస్‌పోర్టు మాత్రం ఫోర్‌మన్ రామ్‌ప్రసాద్ జేబులో ఉంది. రాజమండ్రి వైపు మనిషి. ఆరు నెలలుగా ఏసీ బండి అద్దం దించకుండానే పని చూసి వెళ్ళేవాడు. మర్నాడు అతిథులు వస్తారని కబురు రాగానే ఆ మధ్యాహ్నం మొదటిసారి బండి దిగి ఏడో బోర్డు చదివాడు. వెనకున్న దిబ్బ చూశాడు. మళ్ళీ చదివాడు.

"ఏవయ్యా ముత్తన్నా, కొంప ముంచేసేవు కదయ్యా! ఇది నూతి బోర్డు. సమాధి దగ్గర పాతేసేవేంటి?"

"బాయే గద సార్. బాయి తవ్విన మన్ను గాకుంటె గంత కుప్ప ఏడికెళ్లొస్తది?"

"అది నాలుగువేల ఏళ్ళనాటి సమాధయ్యా బాబూ! మరి సమాధి బోర్డేదీ?"

"ఒంటెల కొట్టం కాడ వెట్టిన. మా దిక్కు పెద్దలను సొంత జాగలనే వెడ్తరు. మంది లేని కాడ ఎవలు వెడ్తరు సార్?"

రామ్‌ప్రసాద్ నెత్తి పట్టుకున్నాడు. నాలుగింటికి ఆఫీసు పెద్దసారు వచ్చి అంతా బాగుందని సంతకం పెడితేనే పాస్‌పోర్టు చేతికివ్వాలి. లేకపోతే టికెట్టు మూడోసారి రద్దు.

కొట్టం ముందు దాని యజమాని, ముసలి అబూ సాలెం, కుర్చీ వేసుకుని, కారు ఆపి దిగిన తెల్లవాళ్ళిద్దరికి కాఫీ పోస్తున్నాడు. వాళ్ళు ఒంటెల పెంటకుప్పను భక్తిగా ఫోటో తీసుకుంటున్నారు. వాళ్ళు వెళ్ళాక ముత్తన్న గడ్డపార ఎత్తేసరికి ముసలాయన వచ్చి సమాధి బోర్డును కౌగిలించుకున్నాడు.

"బాబా, ఇది తప్పు బోర్డు," అన్నాడు రామ్‌ప్రసాద్ హిందీలో.

"తెలుసు," అన్నాడు అబూ సాలెం, అదే హిందీలో. "నాకు చదువొచ్చు. నా పెంటకుప్పకు నాలుగువేల ఏళ్ళు లేవని మొదటిరోజే తెలుసు. ఇరవై ఏళ్ళుగా నా గుమ్మం ముందు ఒక్క కారు ఆగలేదు. సమాధి అంటే ఆగుతున్నారు. బావి అంటే ఎవడాగుతాడు? ఖలాస్, వెళ్ళండి."

"ఇంతకూ ఆ బాయేది?" అన్నాడు ముత్తన్న.

ముసలాయన గడ్డంతో పెంటకుప్పను చూపించాడు. తాత తవ్విన బావి. ఎండిపోయాక పెంట పోయడం మొదలుపెట్టారు. బోర్డు రాసినవాళ్ళకు ఆ సంగతి తెలుసు, పాతినవాడికి ఎవరూ చెప్పలేదు.

బావి బయటపడితే ముసలాయన బోర్డు వదులుతాడేమోనని ముత్తన్న పార అందుకున్నాడు. రెండు గంటలు పెంట ఎత్తిపోశాడు. "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ రామ్‌ప్రసాద్ గడియారం చూసుకుంటున్నాడు, మధ్యమధ్య ముక్కు మూసుకుంటున్నాడు. చివరికి ఒక పక్క రాతి గట్టు బయటపడింది. ముత్తన్న చెప్పులు విప్పాడు. బావి గట్టు మీద చెప్పుకాలు పెట్టడం అతనికి చేతకాదు. వంగి అరచేత్తో రాయి తుడిచాడు. అంచు పొడుగునా తాళ్ళు ఒరిసి ఒరిసి పడ్డ గాళ్ళు, వేలు పట్టేంత లోతు.

"సూడు బాబా, నీ తాత నీళ్ళు చేదిన గుర్తులు. మా బాయికి గూడ గిట్లనే ఉంటయి," అన్నాడు, హిందీ వెతుక్కోవడం మరిచిపోయి.

అబూ సాలెంకు తర్జుమా అక్కర్లేకపోయింది. మోకాళ్ళ మీద కూలబడి ఒక్కో గాడిలో వేలు పెట్టి చూశాడు. అతని కళ్ళలో నీళ్ళు చూసి ముత్తన్నకూ ఏడుపొచ్చింది, కానీ ఏడవడానికి టైము లేదు.

"ఆ బావి బోర్డు తీసుకురండి," అన్నాడు ముసలాయన.

నాలుగింటికి పెద్దసారు వచ్చి, చోట్లు మారిన రెండు బోర్డులూ చూసి, కొట్టం దగ్గర ఊపిరి బిగబట్టి సంతకం పెట్టాడు. రామ్‌ప్రసాద్ పాస్‌పోర్టు చేతిలో పెట్టి ముత్తన్నను బండిలోకి తోశాడు. స్నానానికి వ్యవధి లేదు. ఎయిర్‌పోర్టు క్యూలో జనం అతనికి మర్యాదగా దారిచ్చారు. విమానంలో పక్క సీటతను లేచి ఎటో వెళ్ళిపోయాడు. ముత్తన్న హాయిగా కాళ్ళు చాపుకున్నాడు. అప్పుడు చూసుకున్నాడు, కాళ్ళకు చెప్పుల్లేవు. భీమవ్వ ఏమంటుందో తలుచుకుని, పదకొండేళ్ళలో మొదటిసారి ఆ తిట్లు తొందరగా వినాలనిపించింది.

మర్నాడు అతిథులు వచ్చేసరికి అబూ సాలెం పెంట మిగతాది కూడా తీయించి గట్టంతా కడిగించాడు. దాని పక్కన, ఆయన ఎవరినీ ముట్టుకోనివ్వని, మడమల దగ్గర అరిగిపోయిన రబ్బరు చెప్పుల జత ఒకటి బావి వైపు తిరిగి అలాగే ఉంది.