వీరాయమ్మగారు చూసిన ఫ్రెంచి సినిమా

వీరాయమ్మగారి పక్కన కూర్చుని సినిమా చూడటం కంటే పీతల బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం సుఖమని ఆవిడ కోడలు ఉమామహేశ్వరి అభిప్రాయం. ఆవిడ సినిమా చూడరు, అందులో వాళ్లని పరామర్శిస్తారు. హీరోయిన్ ఏడిస్తే పొద్దున్న ఏమైనా తిందా అని అడుగుతారు. విలన్‌కి పిల్లనెవరిచ్చారని నిలదీస్తారు.

అయినా ఆ మధ్యాహ్నం ఉమ ఏరి కోరి ఒక ఫ్రెంచి కామెడీ పెట్టింది. వచ్చే ఆదివారం కూతురి ఓణీల ఫంక్షన్. బాబాయి రాకపోతే ఓణీ వేసుకోనని పిల్ల భీష్మించుకుంది. ఆ బాబాయి చరణ్, ఉమకి మరిది. కాట్రేనికోనలో అయ్యప్పతో కలిసి రొయ్యల చెరువులు చేస్తాడు, అయ్యప్పతోనే కాపురం. కిందటేడు ఇద్దరూ అమలాపురం వస్తే వీరాయమ్మగారు కొడుక్కి కంచం పెట్టి, అయ్యప్ప చేతికి కాఫీ గ్లాసిచ్చి, "నువ్వు దార్లో తినేద్దువుగాని బాబూ" అన్నారు. మళ్లీ చరణ్ గుమ్మం తొక్కలేదు. "అమ్మ ఇద్దర్నీ పిలిస్తే ఇద్దరం వస్తాం వదినా" అన్నాడు ఫోన్లో.

సినిమాలో మాటలు ఫ్రెంచి, కింద అక్షరాలు ఇంగ్లీషు. రెండూ అత్తగారికి అందవు కనక డిగ్రీ చదివిన కోడలు గోదావరి తెలుగులోకి దించుతూ కూర్చుంది.

"ఎవరే ఆ ఇద్దరూ? అన్నదమ్ములా?"

"కాదండి. మొగుడూ మొగుడూనండి."

వత్తులు చేస్తున్న చేతులు ఆగాయి. "అక్కడ కూడానా?" అని, మళ్లీ పత్తి అందుకున్నారు.

సినిమాలో ఆ ఇద్దరిలో పొడుగాయన, అత్తగారు వస్తోందని కోడిని కాలుస్తున్నాడు. అది కాస్తా మాడింది. దాచబోతే పక్కింటి కుక్క లాక్కుపోయింది. వీరాయమ్మగారు కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. ఉమకి ఆ సినిమా మీద గౌరవం కలిగింది. ఇంత నవ్వులోనూ ఆ ఇద్దరి ప్రేమ మీద మాత్రం ఒక్క నవ్వూ పడనివ్వలేదు!

ఇంతలో ఆ ఫ్రెంచి అత్తగారు దిగింది. కంచాలు తనే సర్దింది. కొడుక్కి, తన మొగుడికి, తనకి. పొడుగాయన గరిటె పట్టుకుని నిలబడిపోయాడు.

"ఇదేం మనిషే!" వీరాయమ్మగారు టీవీ మీదికి లేచారు. "పొగ మింగి వండేడు పిల్లాడు! అన్నం దగ్గరా నీ పంతం?"

ఉమకి ఇంతకంటే మంచి సమయం దొరకదనిపించింది. "'వాడు దార్లో తింటాళ్లే' అంటోందండి ఆవిడ."

వీరాయమ్మగారు తెర వంక చూశారు. తర్వాత కోడలి వంక చూశారు.

"ఆవిడ నోటినిండా రొట్టె ఉందమ్మాయ్. మాటెలా వచ్చింది?"

"ఆయ్, ఫ్రెంచివాళ్లు అలాగే మాట్లాడతారండి."

చీవాట్లకి సిద్ధపడి ఉమ తల వంచుకుంది. అవి రాలేదు. అత్తగారు వత్తుల పళ్లెం పక్కకి నెట్టి, తెర మీద ఆ గరిటె మనిషిని మళ్లీ ఓసారి చూశారు.

"ఆపేసి ఫోను కలుపు. చరణ్‌కి కాదు, ఆ అబ్బాయికి."

ఉమ కలిపి, స్పీకర్‌లో పెట్టింది.

"ఆయ్, చెప్పండమ్మా" అంది అయ్యప్ప గొంతు, బెదురుగా.

"ఆదివారం పొద్దున్నే వచ్చెయ్యండి, ఇద్దరూను. బట్టలు పెట్టాలి, నీ చొక్కా కొలతెంత బాబూ?"

అవతల చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్ల హోరొకటే వినిపిస్తోంది. వీరాయమ్మగారు ఫోను దగ్గరికి లాక్కుని, అవతలివాడు చెవిటివాడన్నట్టు గొంతెత్తారు.

"ఆ రోజు నీకు కంచం పెట్టలేదు చూడూ, అది తప్పయ్యా. తప్పు నాదే!"